నీచు అన్న మాట, నొప్పి అన్న ప్రశ్న

తెలుగు ఇళ్ళలో మాంసానికీ చేపలకూ ఒక పాత పేరుంది: నీచు. "మేం నీచు ముట్టం" అంటారు. "అది నీచు గిన్నె, వీటిలో కలపకు" అంటారు. రోజూ తినేవాళ్ళు కూడా చేపలు కడిగిన చేతిని ముక్కు దగ్గర పెట్టుకుని "ఇంకా నీచు వాసన పోలేదు" అంటారు. ఈ మాటలో కోడికో గొర్రెకో ఏం జరిగిందన్న ఊసే లేదు. ఉన్నదంతా గిన్నె శుభ్రం, వంటింటి మడి, తినేవాడి శుచి.

మాంసం తినడం తప్పా అన్న చర్చ మన దగ్గర తరచు దారి తప్పేది ఇక్కడే. రెండు వేరువేరు ప్రశ్నలు ఒకే మాట కింద కలిసిపోయాయి. ఇది తింటే తిన్నవాడికి ఏమవుతుంది, మైల అంటుతుందా, మనసు చెదురుతుందా, పుణ్యం తగ్గుతుందా అన్నది ఒకటి. ఇది కంచంలోకి రావడానికి ఆ ప్రాణికి ఏం జరిగింది అన్నది ఇంకొకటి. మొదటి ప్రశ్నకు మనిషి కేంద్రం, రెండోదానికి జంతువు. రెండు దారులూ చివరికి "మాంసం మానెయ్యి" అన్న చోటికే చేరొచ్చు. అంతమాత్రాన రెండూ ఒకే వాదం అయిపోవు. పాలు, గుడ్లు, రొయ్యలు, కులం, ఏ విషయం దగ్గరికొచ్చినా అవి చెరో వైపు లాగుతాయి.

కార్తీకమాసమే చూడండి. నెల రోజులు చాలా ఇళ్ళలో చికెన్ వండరు. అది నిష్ఠ, అందులో తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. కానీ ఆ నిష్ఠ కోడి కోసం పట్టింది కాదు. నెల దాటగానే వంట మళ్ళీ మొదలవుతుంది, ఎందుకంటే కోడి గురించిన ప్రశ్న ఆ నెలలోనూ ఎవరూ అడగలేదు. కేంద్ర ప్రభుత్వం 2014లో చేయించిన నమూనా సర్వే ప్రకారం తెలంగాణలో, ఆంధ్రప్రదేశ్‌లో 15 ఏళ్ళు దాటినవాళ్ళలో 98 శాతానికి పైగా మాంసాహారులే. కాబట్టి ఈ చర్చ ఏదో కొద్దిమంది ఆచారం గురించినది కాదు. దాదాపు ప్రతి ఇంటి ఆదివారం గురించినది.

మొదటి ప్రశ్న నుంచి రెండోదానికి ఒకే మనిషి నడిచి వెళ్ళడం గాంధీ జీవితంలో కనిపిస్తుంది. 1888లో లండన్ వెళ్ళేటప్పుడు మాంసం ముట్టనని తల్లికి మాటిచ్చాడు. ఆ మాట కోసమే ఆకలితో తిరిగాడు. అయితే భారతీయులందరూ మాంసం తినాలనే కోరిక కూడా అప్పట్లో ఆయనకు ఉండేదని ఆత్మకథలో రాసుకున్నాడు. ఫారింగ్డన్ వీధిలో ఒక శాకాహార హోటల్ కనిపించింది. అక్కడ ఇంగ్లీషు రచయిత హెన్రీ సాల్ట్ శాకాహారం మీద రాసిన చిన్న పుస్తకాన్ని ఒక షిల్లింగ్ పెట్టి కొన్నాడు. అది చదివిన రోజు నుంచి తాను ఇష్టపూర్వకంగా శాకాహారినయ్యానని చెప్పుకున్నాడు. తిండి మారలేదు, కారణం మారింది. ఈ చర్చలో ముఖ్యమైనది ఆ మార్పే.

ఆ కారణాన్ని ఒక్క వాక్యంలో పెట్టినవాడు ఇంగ్లండ్ తాత్వికుడు జెరెమీ బెంథామ్. 1789లో ప్రచురించిన గ్రంథంలో, ఒక పేజీ అడుగున ఇచ్చిన వివరణలో ఆయన అన్న మాటకు అర్థం ఇది: జంతువులు ఆలోచించగలవా, మాట్లాడగలవా అన్నది కాదు ప్రశ్న, బాధపడగలవా అన్నదే. చాలామంది గుర్తుపెట్టుకోని సంగతి ఒకటుంది. అదే వివరణలో బెంథామ్ మాంసం తినడాన్ని సమర్థించాడు. ప్రకృతిలో జంతువుకు ఎలాగూ వచ్చే చావు కంటే మనిషి చేతిలో వచ్చేది త్వరగా ముగుస్తుంది, హింసపెట్టకుండా ఉంటే చాలు అన్నాడు. అంటే నొప్పి వేరు, చావు వేరు అన్న విభజన అప్పుడే మొదలైంది.

1975లో ఆస్ట్రేలియా తాత్వికుడు పీటర్ సింగర్ ఈ వాదానికి పదును పెట్టాడు. జంతువూ మనిషీ సమానం అని ఆయన అనలేదు. ఒకే స్థాయి నొప్పికి ఒకే విలువ ఇవ్వాలి అన్నాడు. లేగదూడ కాలు విరిగితే కలిగే నొప్పి, అది దూడ కాలు కాబట్టి లెక్కలోకి రాదనడానికి కారణం ఏమిటి? "అది మన జాతి కాదు" అన్నది తప్ప వేరే కారణం చూపలేకపోతే, రంగును బట్టి, లింగాన్ని బట్టి మనుషుల్ని తక్కువ చేయడానికీ దీనికీ తేడా లేదని ఆయన వాదన. 1970లో బ్రిటిష్ మనస్తత్వవేత్త రిచర్డ్ రైడర్ దీనికి పెట్టిన పేరు స్పీషీసిజం, అంటే జీవజాతిని బట్టి చూపే వివక్ష.

దీనికి ఎక్కువగా వచ్చే జవాబు తెలివి గురించే. మనిషి ఆలోచిస్తాడు, మాట ఇస్తాడు, బాధ్యత తీసుకుంటాడు, కాబట్టి నీతి మనుషుల మధ్య వ్యవహారం అంటారు. జర్మన్ తాత్వికుడు కాంట్ వాదన దీనికి దగ్గరగా ఉంటుంది. జంతువును హింసించకూడదు, కానీ జంతువు కోసం కాదు, దాన్ని హింసించే చెయ్యి రేపు మనిషి మీద కూడా కఠినంగా పడుతుందని. కానీ తెలివే కొలబద్ద అయితే పసిబిడ్డ ఎక్కడ ఉంటుంది? మతిమరుపు ముదిరి మనుషుల్ని గుర్తుపట్టలేని పెద్దావిడ ఎక్కడ ఉంటుంది? వాళ్ళ పట్ల మనకున్న బాధ్యత వాళ్ళ తెలివి నుంచి రాలేదు. ఈ వాదాన్ని వికలాంగులను జంతువులతో పోల్చడానికి వాడడం మాత్రం అన్యాయం, ఆ హెచ్చరిక చేసినవాళ్ళ మాట వినాలి. వాదం చెప్పేది మనిషిని కిందకు దించమని కాదు, కొలబద్ద తప్పు అని.

అమెరికా తాత్వికుడు టామ్ రీగన్‌ది వేరే దారి. వియత్నాం యుద్ధాన్ని వ్యతిరేకించే రోజుల్లో గాంధీని చదివి ఆలోచనలో పడినవాడు ఆయన. యుద్ధంలో హింస తప్పయితే కంచంలో ఎందుకు కాదు అన్నది ఆయన్ని తొలిచిన ప్రశ్న. 1983 నాటి ఆయన వాదం ప్రకారం, తన బతుకు తనకు మంచిగానో చెడ్డగానో అనుభవంలోకి వచ్చే ప్రాణి ఏదైనా ఇంకొకరి అవసరానికి సాధనం కాదు. సింగర్ లెక్క నొప్పితో మొదలవుతుంది, రీగన్ లెక్క హక్కుతో. అమెరికా తాత్వికురాలు కోరా డైమండ్ 1978లో ఈ రెండిటినీ కాదంది. చనిపోయిన మనిషిని తినకపోవడానికి కారణం ఆ శవానికి నొప్పి పుడుతుందనో హక్కు ఉందనో కాదు కదా, మనిషంటే మనకున్న భావమే అంత అని ఆమె అంటుంది. జంతువు పట్ల కూడా తోటి ప్రాణి అన్న భావం నుంచే మొదలుపెట్టాలి అంటుంది. పండక్కని తెచ్చి పెంచిన కోడికి పిల్లలు పేరు పెట్టుకుంటే, పండగ రోజున ఆ కూర ముద్ద వాళ్ళకు దిగదు. పిల్లలు లెక్క కట్టి మానరు. డైమండ్ చెప్పేది అదే.

ఇక పాలు. శుచి ప్రశ్నకు పాలు పవిత్రం, అభిషేకానికి పనికొస్తాయి. ప్యాకెట్ మీద ఆకుపచ్చ గుర్తు ఉంటుంది. నొప్పి ప్రశ్న అడిగితే మాత్రం లెక్క అడ్డం తిరుగుతుంది. పొద్దున్నే పాలు పితికేటప్పుడు దూడ కట్టు విప్పుతారు. అది పరుగున వచ్చి పొదుగును తలతో కుమ్మి నాలుగు గుక్కలు తాగుతుంది. గేదె చేపుతుంది, పాలు చన్నుల్లోకి దిగుతాయి. వెంటనే దూడ మెడలో తాడు పట్టి వెనక్కి లాగి గుంజకు కట్టేస్తారు. బిందె నిండేదాకా అది మెడ సాచి అటే చూస్తూ ఉంటుంది. దయగల ఇంట్లో ఒక చన్ను దానికి వదిలేస్తారు. పెయ్య అయితే రేపు పాలిస్తుందని శ్రద్ధగా పెంచుతారు. మగ దూడ అయితే, దున్నడానికి ట్రాక్టర్ వచ్చేసిన ఈ రోజుల్లో, అది తాగే ప్రతి గుక్కా నష్టమే. చాలా దూడలు చిక్కి చచ్చిపోతాయి. వట్టిపోయిన గేదె సంతకు వెళ్తుంది. గేదె మాంసం ఎగుమతిలో మన దేశం ప్రపంచంలోనే ముందు వరసలో ఉండడానికి, పాల ఉత్పత్తిలో మొదటి స్థానంలో ఉండడానికి సంబంధం ఉంది. పాలూ మాంసమూ ఒకే గొలుసులో రెండు చివరలు.

గాంధీ దీన్ని చూశాడు. ఎక్కువ పాలు రాబట్టడానికి ఆవుల్నీ గేదెల్నీ వెనక నుంచి గాలి ఊది బలవంతంగా చేపించే ఫూకా అనే పద్ధతి గురించి తెలిశాక, 1912లో దక్షిణాఫ్రికాలోని టాల్‌స్టాయ్ ఫారంలో ఉండగా పాలు మానేశాడు. తర్వాత తీవ్రంగా జబ్బు పడ్డాడు. డాక్టర్ పాలు తాగాలన్నాడు. ఒట్టు పెట్టుకున్నానని గాంధీ అంటే, ఆ ఒట్టు ఆవు, గేదె పాల గురించే కదా, మేకపాలకు అభ్యంతరం ఏముందని కస్తూర్బా అడిగింది. ఒప్పుకున్నాడు. అక్షరం నిలబడింది గానీ ఒట్టు ఆత్మ చచ్చిపోయిందని తర్వాత రాసుకున్నాడు, అది చివరిదాకా ఆయనకు ముల్లులా గుచ్చుకుంది. 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ఫూకాను శిక్షించదగిన నేరం చేసింది. గేదెను చేపించే ఇంజెక్షన్లు కూడా ఆ సెక్షన్ కిందికే వస్తాయి.

గుడ్డు సంగతి ఇంకా స్పష్టం. గుడ్డులో ప్రాణం ఉందా లేదా అని వాదించుకుంటాం గానీ, ఫారం గుడ్డులో పిల్ల ఉండదు, ఆ వాదన అనవసరం. ప్రాణం ఉన్నది గుడ్డు పెట్టిన కోడికి. గుడ్ల కోసం కోళ్ళను పెంచే లేయర్ ఫారాల్లో వరసలుగా పేర్చిన ఇనుప తీగల బోనుల్లో ఒక్కో కోడికి దక్కే చోటు మామూలుగా ఏ4 కాగితం కంటే తక్కువ. రెక్క చాచలేదు, మట్టిలో పొర్లలేదు, గూడు వెతుక్కోలేదు. గుడ్లు పెట్టే రకంలో పుట్టిన మగ కోడిపిల్లలు మాంసానికీ లాభం కావు కాబట్టి వాటిని పుట్టిన రోజే చంపేస్తారు. యూరోపియన్ యూనియన్ 2012 నుంచి ఇలాంటి బోనుల్ని నిషేధించింది. మన లా కమిషన్ 2017లో తన 269వ నివేదికలో ఫారం కోళ్ళ బతుకు మీదే సిఫార్సులు చేసింది. నొప్పే కొలత అయితే, ఏడాదికి పైగా బోనులో నిలబడ్డ కోడి పెట్టిన గుడ్డు కంటే, గట్ల మీద మేసి తిరిగి ఒక్క పూటలో ప్రాణం పోయిన గొర్రె మాంసంలో హింస తక్కువని ఒప్పుకోవాల్సి వస్తుంది. శాకాహారానికి వేసే ఆకుపచ్చ గుర్తు, మాంసాహారానికి వేసే గోధుమరంగు గుర్తు ఈ తేడాను చెప్పలేవు.

రొయ్యల గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే దేశంలో వాటి సాగుకు కేంద్రం కోస్తాంధ్రే. హేచరీల్లో తల్లి రొయ్య త్వరగా గుడ్లకు రావాలని దాని ఒక కంటి కాడను కత్తిరించడమో నొక్కేయడమో చేస్తారు. గుడ్ల ఎదుగుదలను అడ్డుకునే గ్రంథి ఆ కాడలో ఉంటుంది. రొయ్యకు నొప్పి తెలుస్తుందా అన్నది చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. బ్రిటన్‌లో శాస్త్రవేత్తలు ఉన్న పరిశోధనలన్నీ చూశాక, 2022 నాటి చట్టంలో పీతలు, రొయ్యలు, ఆక్టోపస్‌లను కూడా అనుభూతి గల ప్రాణుల్లో చేర్చారు. ఇంతకాలం లెక్కలోకి రాని ప్రాణి లెక్కలోకి వస్తే, మునుపటి తీర్పులన్నీ మళ్ళీ చూసుకోవాల్సిందే.

"మొక్కలకూ ప్రాణం ఉంది కదా" అన్న మాట ఈ చర్చలో ఎప్పుడూ వస్తుంది. దాన్ని కొట్టిపారేయకూడదు, మన సంప్రదాయంలో దానికి లోతైన రూపం ఉంది. భారతంలో అరణ్యపర్వంలో, తెలుగులో ఎర్రన రాసిన భాగంలో వచ్చే ధర్మవ్యాధుడి కథ అది. తన కోపపు చూపుతో కొంగను చంపిన కౌశికుడనే బ్రాహ్మణుడు, ధర్మం తెలుసుకోవడానికి మిథిలలో మాంసం అమ్మే అంగడికి వెళ్తాడు. ఆ వ్యాధుడు తాను చంపనని, తిననని, కులవృత్తిగా అమ్ముతానని చెబుతాడు. ఆ తర్వాత అతను చెప్పేది అసలు సంగతి. నాగలి నేలను చీలిస్తే ఎన్ని ప్రాణులు చస్తున్నాయి, ధాన్యపు గింజల్లో జీవం లేదా, నడిస్తే కాళ్ళ కింద ఎన్ని నలుగుతున్నాయి, హింస చేయనివాడు ఎవడు అని అడుగుతాడు. అహింసే వ్రతంగా పెట్టుకున్న యతులు కూడా హింస చేస్తూనే ఉంటారు, కాకపోతే ప్రయత్నం వల్ల వాళ్ళ హింస తగ్గుతుంది అంటాడు.

ఆ చివరి ముక్క చాలా విలువైనది. పూర్తిగా తప్పించుకోలేం కాబట్టి ఎంతైనా చేయొచ్చు అని వ్యాధుడు అనలేదు. 2003లో అమెరికాలో స్టీవెన్ డేవిస్ అనే పశుశాస్త్రవేత్త ఇదే వాదాన్ని అంకెల్లో పెట్టాడు. పంటపొలంలో యంత్రాల కింద ఎలుకలు, పక్షులు చస్తాయి, కాబట్టి పచ్చికలో మేసే పశువుల్ని తినడమే తక్కువ హింస కావచ్చన్నాడు. గావెరిక్ మథెనీ అదే ఏడు జవాబిచ్చాడు. డేవిస్ ఎకరానికి లెక్కేశాడు, మనిషికి వేయాలి. ఒక ఎకరం పంట ఎంతోమంది కడుపు నింపుతుంది, అదే ఎకరం పచ్చిక కొద్దిమందికే సరిపోతుంది. పైగా ఫారం కోడి పచ్చిక తినదు, మొక్కజొన్న, సోయా తింటుంది. కిలో కోడి పెరగడానికి కిలోన్నర పైనే దాణా పోతుంది. మొక్కల మీద జాలి ఉన్నవాడికి కూడా బ్రాయిలర్ సరైన దారి కాదు. డేవిస్ మాట కొంచెమైనా నిలిచేది కోత అయిన చేలల్లో మంద పెట్టుకుని తిరిగే గొల్లకురుమల గొర్రెల దగ్గర. ఆ గొర్రెలు మనిషి తినే పంట తినవు, పొలానికి ఎరువిస్తాయి. కానీ ఆ లెక్కన వచ్చే మాంసం వారం వారం అందరికీ సరిపోయేది కాదు.

తినేవాడి వాటా ఎంత అన్నది ఇంకో చిక్కు. జీవక సుత్తంలో బుద్ధుడు భిక్షువులకు పెట్టిన నియమం ఇది: తన కోసమే చంపారని చూసినా, విన్నా, అనుమానించినా ఆ మాంసం తినకూడదు. మనుస్మృతి ఐదో అధ్యాయం ఇంకా కఠినంగా ఉంటుంది. ఒప్పుకున్నవాడు, కోసినవాడు, చంపినవాడు, కొన్నవాడు, అమ్మినవాడు, వండినవాడు, వడ్డించినవాడు, తిన్నవాడు, అందరూ హంతకులే అంటుంది. అదే అధ్యాయం మాంసభక్షణలో దోషం లేదని, మానితే గొప్ప ఫలమని కూడా అంటుంది.

మన చికెన్ షాపు దగ్గర నిలబడితే ఈ రెండు నియమాలూ అర్థమవుతాయి. కేజీ కావాలనగానే బోనులోంచి ఒక కోడిని రెక్కలు పట్టి తీసి కాటా మీద పెడతారు. మెడ కోసి డ్రమ్ములో వేస్తారు. రెక్కలు లోపల టపటపా కొట్టుకుంటాయి, కాసేపటికి చప్పుడు ఆగుతుంది. "స్కిన్‌తోనా, స్కిన్‌లెస్సా?" అని అడుగుతారు. చూడడం, వినడం రెండూ అయ్యాయి, అనుమానానికి చోటే లేదు. ఆ కోడి చచ్చింది ఆ కేజీ కోసమే. సూపర్‌మార్కెట్ ఫ్రిజ్‌లో ప్యాకెట్ కొంటే అది ఎప్పుడో చచ్చింది, ఒకరు కొనకపోతే మాత్రం ఏం మారుతుంది అనిపిస్తుంది. దానికి జవాబు ఉంది. ఒక ప్యాకెట్ మిగిలితే ఆర్డర్ తగ్గకపోవచ్చు. కానీ మిగిలిన ప్యాకెట్లు ఏదో ఒక సంఖ్య దాటగానే ఒక పెట్టె మొత్తం తగ్గుతుంది. తన ప్యాకెట్టే ఆ హద్దు దాటించేదో కాదో ఎవరికీ తెలియదు. సగటున ఒక్కో కొనుగోలు ఒక్కో కోడికి సమానం. ఫ్రిజ్ దూరాన్ని పెంచుతుంది, వాటాను తగ్గించదు.

అసలు నొప్పే లేకుండా పెంచి, నొప్పే లేకుండా చంపితే? ఇక్కడే వాదం కష్టమవుతుంది. మాంసం తినేవాళ్ళు లేకపోతే ఆ జంతువు పుట్టేదే కాదు, కాబట్టి మనం దానికి మేలే చేశాం అని 1896లో ఇంగ్లీషు రచయిత లెస్లీ స్టీఫెన్ పంది గురించి అన్నాడు. గాంధీకి కనువిప్పు కలిగించిన ఆ హెన్రీ సాల్టే దీనికి బదులిచ్చాడు. ఉనికిలో ఉన్నవాడు "పుట్టడం మంచిదైంది" అనుకోగలడు. పుట్టనిదానికి పోయేదేమీ లేదు, దానికి మేలు చేశామనడంలో అర్థం లేదు అన్నాడు. ఆ జవాబు ఇప్పటికీ గట్టిగానే ఉంది. 40 రోజులకే కత్తికి వెళ్ళే బ్రాయిలర్‌కు "బతుకిచ్చాం" అని చెప్పుకోవడం కూడా కుదరదు. అయినా, చక్కగా బతికిన గొర్రె చావు దానికి ఎంత నష్టం అన్నది తాత్వికులు తేల్చుకోలేదు. రేపటి గురించి ఊహ ఉన్న ప్రాణికే చావు పెద్ద నష్టం అని సింగర్ వైపువాళ్ళు, ఊహ లేకపోయినా రేపటి మేత, ఎండ, మంద తోడు పోయాయి కదా అని రీగన్ వైపువాళ్ళు అంటారు. రెండోదే న్యాయంగా అనిపిస్తుంది.

కులాన్ని వదిలేసి ఈ చర్చ మన దేశంలో చేయలేం. అసలు మాంసం తినని వాళ్ళు, గొడ్డుమాంసం తప్ప మిగతావి తినేవాళ్ళు, గొడ్డుమాంసం కూడా తినేవాళ్ళు అని సమాజాన్ని తిండి ఎలా మెట్లుగా విడగొట్టిందో అంబేడ్కర్ 1948లో అంటరానితనం పుట్టుక మీద రాసిన పుస్తకంలో చూపించాడు. హైదరాబాద్‌లో "వెజిటేరియన్లకు మాత్రమే" అనే టు-లెట్ బోర్డు ఈ రోజుకీ అదే పని చేస్తోంది. అది కోడిని కాపాడదు, ఒక కుటుంబాన్ని గడప బయట నిలబెడుతుంది. తిండి పేరు మీద తరతరాలుగా అవమానం పడ్డవాళ్ళు శాకాహారం అనగానే కోపగించుకోవడంలో న్యాయం ఉంది. ఆ కోపం శుచి గురించిన మొదటి ప్రశ్న మీద. రెండో ప్రశ్న మాత్రం ఏ కులానిదీ కాదు. బోనులో ఉన్న కోడికి తినేవాడి కులం తెలియదు. దాని నొప్పి గురించి అడిగే హక్కు అందరికీ ఉంది, మొదట జవాబు చెప్పాల్సింది మాత్రం వేరే మాంసకృత్తులు కొనుక్కోగల స్థోమత ఉన్నవాళ్ళు.

బడి పిల్లల గుడ్డు దగ్గర ఈ రెండు ప్రశ్నలూ ముఖాముఖి నిలబడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో మధ్యాహ్న భోజనంలో వారానికి ఐదు గుడ్లు ఇస్తున్నారు. పక్కనే కర్ణాటకలో 2021 డిసెంబర్‌లో కొన్ని జిల్లాల బడుల్లో గుడ్డు మొదలుపెట్టినప్పుడు కొందరు మఠాధిపతులు గట్టిగా వ్యతిరేకించారు. అభ్యంతరం ఆచారం గురించి, పక్క పిల్లల విశ్వాసం గురించి. ఇంట్లో పప్పు కూడా పలచనయ్యే పిల్లకు ఆ గుడ్డు ఎంత అవసరమో పోషకాహారం తెలిసిన ఎవరైనా చెబుతారు. ఆ గుడ్డు తీసేయాలన్న వాదనకు బెంథామ్ దగ్గరగానీ ధర్మవ్యాధుడి దగ్గరగానీ ఆధారం దొరకదు. నొప్పి ప్రశ్న ప్రభుత్వాన్ని అడగమనేది వేరు. రోజూ లక్షల గుడ్లు కొనే కొనుగోలుదారు అది. కొనేది బోను లేని ఫారాల నుంచే కొంటామని టెండర్‌లో ఒక్క షరతు పెట్టి, దానికయ్యే అదనపు ఖర్చు తానే భరిస్తే, కోడికి రెక్క చాచుకునే చోటు దొరుకుతుంది, పిల్ల కంచంలో గుడ్డు అలాగే ఉంటుంది.